ఓవర్‌ల్యాప్ టైలింగ్

క్యాన్సర్ అనుమానంతో తీసిన కణజాలాన్ని స్లైడ్ మీద పెట్టి స్కాన్ చేస్తే, ఆ ఒక్క చిత్రం పొడవు, వెడల్పుల్లో లక్ష పిక్సెళ్ల దాకా ఉండొచ్చు. అంత పెద్ద చిత్రం గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఒకేసారి పట్టదు. కుదిస్తే కణాల వివరాలు చెరిగిపోతాయి. అందుకే చిన్న చదరాలుగా విడగొట్టి, ఒక్కొక్కటిగా కృత్రిమ మేధకు అందిస్తారు.

చిక్కంతా అంచుల దగ్గరే. విభజన గీత మీద పడిన కణం రెండు చదరాల్లోనూ సగమే కనిపిస్తుంది. దాని చుట్టూ ఏముందో తెలియక యంత్రం పొరబడుతుంది. అందుకని ఇంటికప్పు పెంకుల్లా ఒక చదరం అంచు పక్కదాని మీదికి వచ్చేలా విడగొడతారు. ఇదే ఓవర్‌ల్యాప్ టైలింగ్. ఒకదానిలో సగమే కనిపించిన కణం పక్కదానిలో పూర్తిగా కనిపిస్తుంది. చివరికి ప్రతి చదరంలో నడిమి ఫలితాన్నే ఉంచుకుంటారు, లేదా రెండూ కలిసిన చోట సగటు తీస్తారు.

జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించిన యూ-నెట్ అనే కృత్రిమ మేధ నమూనా ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చింది. అందులో ఒక్కో వైపు 572 పిక్సెళ్లున్న చదరం ఇస్తే, ఒక్కో వైపు 388 పిక్సెళ్లున్న నడిమి భాగానికే ఫలితం వస్తుంది.

చదరాలు ఎంత ఎక్కువగా కలిస్తే లెక్కింపుకు అంత ఎక్కువ సమయం పడుతుంది. అయినా కేవలం గీత మీద పడిందన్న కారణంతో ఒక్క క్యాన్సర్ కణమూ తప్పిపోకూడదు. ఆ అదనపు సమయం వెచ్చించాల్సిందే.