ఓడను తేల్చేది చిన్నోడి వయసే!

పరీక్షలు దగ్గరపడితే చాలు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలోని ట్రావెల్స్ ఆఫీసులకు కళ వస్తుంది. కాశీ, షిర్డీ ప్యాకేజీల బోర్డుల పక్కనే ఇప్పుడు సింగపూర్ క్రూయిజ్ బోర్డూ వేలాడుతోంది. వెళ్లినవాళ్లు ధర అడుగుతారు, ఓడకెన్ని అంతస్తులో అడుగుతారు. ఇంట్లో అందరికన్నా చిన్నోడి వయసు సంగతి మాత్రం చివరికిగానీ రాదు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

◆ ఆరు నెలలు నిండని పాపను చాలా క్రూయిజ్ కంపెనీలు ఓడెక్కనివ్వవు. వరసగా మూడు రోజులో, అంతకన్నా ఎక్కువో తీరం తగలకుండా సాగే ప్రయాణమైతే ఏడాది నిండాల్సిందే. ఓడలో డాక్టరు ఉంటాడు కానీ పిల్లల ఆసుపత్రి ఉండదు కదా! కడుపుతో ఉన్నవాళ్లకూ నిబంధన ఉంది. 24 వారాలు దాటుతుంటే టికెట్ తీసుకోకపోవడమే మంచిది.

◆ విమానంలో రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది. ఓడలో అలా కుదరదు. ఎనిమిది నెలల పాపైనా లెక్కలో ఒక మనిషే. లైఫ్‌బోటులో ఆ పాపకూ చోటుండాలి కాబట్టి నలుగురి క్యాబిన్‌లో ఐదో మనిషిగా చంటిబిడ్డను రానివ్వరు. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, తోడుగా అమ్మమ్మ అనుకుంటే రెండు గదులు తీసుకోక తప్పదు. చాలామంది బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే.

◆ బ్రోషర్‌లో రంగురంగుల పిల్లల క్లబ్బు ఫొటో చూసి మనసు పారేసుకోకండి. చాలా ఓడల్లో క్లబ్బులోకి వెళ్లాలంటే మూడేళ్లు నిండాలి, డైపర్ మానేసి ఉండాలి. డైపర్ వేసుకునే పిల్లలకు పెద్ద ఈతకొలనులోకీ ప్రవేశం ఉండదు. కొన్ని ఓడల్లో మాత్రం వాళ్లకోసం చిన్న నీళ్ల ఆటస్థలం విడిగా కడతారు. రెండున్నరేళ్ల పిల్లాడున్న ఇంటికి నా సలహా ఒకటే: ఆ ఆటస్థలం ఉన్న ఓడ చూసుకోండి, లేదంటే ఒక్క ఏడాది ఆగండి.

◆ రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణంలో కడుపులో తిప్పడం చాలా అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్యవాళ్లకే ఆ బాధ ఎక్కువ. అంటే ఓడ ఊగితే చంటిది హాయిగా నిద్రపోతుంది, మూడో తరగతి అక్కకే వాంతులవుతాయి. కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్యన ఉన్న గదుల్లో ఊపు తక్కువ. పై అంతస్తు బాల్కనీ గదికన్నా ఇవి చవక కూడా.

◆ స్కూలు సెలవులకూ నీళ్ల కాలాలకూ అన్నిసార్లూ పొత్తు కుదరదు. ఇంట్లో అందరూ కలిసి ఆలోచించాల్సింది ఇదే.

ఎల్బీనగర్ పక్కనున్న సాగర్ రింగురోడ్డు చౌరస్తా నుంచి ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా పోతే నాగార్జునసాగర్. అక్కడి నుంచి నల్లమల కొండల నడుమ శ్రీశైలం దాకా తెలంగాణ టూరిజం లాంచీ వేస్తుంది. మన పిల్లలకు ఇంటికి దగ్గర్లో దొరికే అసలైన నీటి ప్రయాణం అది. కానీ సాగర్‌లో నీళ్లు 590 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరపడితే తప్ప లాంచీ శ్రీశైలం దాకా వెళ్లలేదు. వేసవి సెలవుల్లో నీళ్లు అడుగంటుతాయి. వానలు బాగా పడ్డ ఏడాది దసరా సెలవులే దానికి అదును. అయితే ఐదారు గంటలు పడవలో కూర్చోవడం నాలుగేళ్ల పిల్లలకు పెద్ద శిక్ష. వాళ్లకు నాగార్జునకొండ దీవి చాలు. డ్యాం కట్టేటప్పుడు ముంపు లోయలోంచి తవ్వితీసిన బౌద్ధ శిల్పాలను దాచిన మ్యూజియం అక్కడుంది. శుక్రవారం మాత్రం సెలవు.

పాపికొండలకు సంక్రాంతి సెలవులు బాగుంటాయి. వరద గోదావరి మీద మాత్రం వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు నదికి వరద ఉంది. ప్రాణాలతో బయటపడింది 26 మందే. పోయినవాళ్లలో మన హైదరాబాద్, వరంగల్‌ వాళ్లున్నారు. టికెట్ డబ్బులు వెనక్కి రావని ఎవరూ వరదలో పిల్లల్ని పడవెక్కించకూడదు.

ఇక మిగిలింది ఎండాకాలం. సింగపూర్ నుంచి పెనాంగ్ వైపు సాగే ఓడలు సుమత్రాకూ మలయాకూ నడుమనున్న మలక్కా జలసంధిలో తిరుగుతాయి. రెండు పక్కలా నేల అడ్డుండటంతో పెద్ద అలలు రావు. చిన్నపిల్లలతో తొలిసారి సముద్రం మీదికి పోవడానికి అది అనువైన దారి.

◆ లైఫ్‌జాకెట్‌కు వయసుతో పనిలేదు, బరువు చూస్తారు. సముద్ర భద్రతా నిబంధనల ప్రకారం 15 కిలోల లోపు పసివాళ్లది ఒక రకం, 15 నుంచి 43 కిలోల పిల్లలది మరో రకం. ఒకరోజుకు మించిన సముద్ర ప్రయాణంలో ప్రతి పసిబిడ్డకూ సరిపోయే జాకెట్ ఓడలో ఉండి తీరాలి. చిన్న పడవల దగ్గర మనమే చూసుకోవాలి. పిల్లాడికి జాకెట్ తొడిగి బకిల్స్ బిగించండి. చేతులు పైకెత్తమని చెప్పి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ జారి చెవులదాకా వచ్చిందా, అది వాడి కొలత కాదు. నీళ్లలో పడితే పిల్లాడు కిందికి పోతాడు, జాకెట్ పైకి పోతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే మరీ మంచిది. పెద్దవాళ్లది తెచ్చి "సర్దుకోండమ్మా" అంటే దిగిపోండి. మొహమాటానికి అది చోటు కాదు.

పెద్ద ఓడల్లో ప్రయాణం మొదలవగానే అందర్నీ పోగుచేసి ప్రమాదమొస్తే ఎటు పోవాలో చూపిస్తారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగిపోయాకే, ఓడ కదిలేముందో కదిలిన వెంటనేనో ఇది జరిగి తీరాలన్న నియమం వచ్చింది. పిల్లలు నిద్రపోతున్నారని ఎగ్గొట్టొద్దు.

◆ "ఓడల పప్పన్నం దొరుకుతదా బిడ్డా?" అని నానమ్మలు అడిగే ప్రశ్న చాలా సరైనది. రైస్ కుక్కర్, కెటిల్, ఇండక్షన్ స్టవ్‌లను నిప్పు భయంతో చాలా ఓడలు లోపలికి రానివ్వవు. ఇంట్లో వండిన ఉగ్గు, అన్నం కూడా అంతే. సీలు విప్పని బేబీ ఫుడ్‌కు మాత్రం సాధారణంగా అభ్యంతరం ఉండదు. పెరుగన్నం, పప్పు ఏ పూట ఉంటాయో బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. భోజనానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కు శానిటైజర్ అంతగా లొంగదు.

◆ తొలి సాధనకు సముద్రం దాకా పోనక్కర్లేదు. ఎల్బీనగర్‌లో మెట్రో రెడ్‌లైన్ ఎక్కితే రైలు మారకుండానే లక్డీకాపూల్. అక్కడి నుంచి లుంబినీ పార్కు దగ్గరే. హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి విగ్రహం దాకా పడవలో పోయి వచ్చేలోపు పిల్లాడు నీళ్లకు జడుస్తాడో, కేరింతలు కొడతాడో తేలిపోతుంది.

◆ విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకుముందే, 2022 జూన్‌లో, ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ చెన్నై నుంచి వచ్చి వెళ్లింది.  విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) ప్రయాణికుల ఓడ ఉంది కానీ రెండు రోజులకు పైగా పడుతుంది. పిల్లల క్లబ్బులుండవు. పదేళ్లు దాటిన పిల్లలకైతే అదే గొప్ప సాహసం.

◆ సింగపూర్ ఓడ ఎక్కాలంటే నెలల పాపకూ సొంత పాస్‌పోర్టు కావాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది కాబట్టి అక్కకు ఎప్పుడో తీసినది ఒకసారి తెరిచి చూడండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అమీర్‌పేటలోని పాస్‌పోర్టు సేవా కేంద్రం 2025లో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కు మారింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నాలుగో స్టేషనే. ఎండాకాలం ప్రయాణమైతే జనవరిలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.