బొబ్బిలి కథ: రెండు చిత్రములు

విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో బొబ్బిలి కథ నెఱుగని యిల్లుండదు. జంగముకథగా విన్నవారు గలరు. నాటకముగా చూచినవారు గలరు. వెండితెరమీద ఆ కథకు రెండు రూపములు ప్రసిద్ధములు: 1964లో వెలువడిన 'బొబ్బిలి యుద్ధం', 1986లో వచ్చిన 'తాండ్ర పాపారాయుడు'. రెండవది మొదటిదానికి సాటివచ్చునా యని మాలో పెద్దలును పిన్నలును వాదించుకొనుట గలదు. ఆ వాదమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవిచేసెదను.

ముందుగా కథ. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బలగములతో గూడి బొబ్బిలి కోటను ముట్టడించెను. ఫిరంగులయెదుట మట్టికోట నిలువలేదు. లోనున్న స్త్రీలును శిశువులును శత్రువుల చేజిక్కకుండ తమవారి చేతనే మరణించిరి. రంగారాయుడు పోరాడి పడెను. రాజాములో నున్న తాండ్ర పాపారాయుడు ఆలస్యముగా వచ్చి, బూడిదను చూచి, రాత్రివేళ గుడారము సొచ్చి విజయరామరాజును సంహరించెనని మనవారు చెప్పుకొందురు.

మొదటి చిత్రమునకు దర్శకుడు సి. సీతారామ్. రంగారాయుడుగా ఎన్.టి. రామారావు, మల్లమాంబగా భానుమతి, పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు నటించిరి. అందు కథకు నడుమ నున్నది కోట. కోటలోని సంసారమును, పూజను, పౌరుషమును మనము ముందుగా ప్రేమింతుము. కావుననే అది కూలునపుడు మనసు కలగును. పాపారాయుని ప్రతీకారము ఆ దుఃఖమునకు ముగింపు మాత్రమే.

రెండవ చిత్రమున దాసరి నారాయణరావు ఈ వరుసను మార్చెను. కృష్ణంరాజు ధరించిన పాపారాయుడే కథానాయకుడు. కోటలో మరణించినవారి కథ కాక, కోటకు వెలుపల మిగిలినవాని కథ యిది. రంగులును పోరాటములును హెచ్చినవి. కోటతోడి చనువు తగ్గినది. మొదటిదానిని ప్రేమించినవారికి తోచు లోటు ఇదియే. ఐనను, వేళకు రాలేకపోయినవాని బాధకు ఈ చిత్రమున చోటు దొరికినది. రెండింటికిని సంగీతము కూర్చినవాడు సాలూరు చెంతనున్న శివరామపురమున జన్మించిన రాజేశ్వరరావే యగుట మన ప్రాంతమునకు గర్వకారణము.

చిన్నతనమున నేను మొదటి చిత్రమును విజయనగరములోనే చూచితిని. విజయరామరాజు నేలగూలగా హాలంతయు చప్పట్లు మ్రోగినవి. నేనును కొట్టితిని. ప్రక్కనున్న తాతగారు మాత్రము చేతులు కదల్పలేదు. బయటికి వచ్చినపిదప "ఆయన మన ఊరి దొర గదరా" అని మాత్రమనిరి. మా అమ్మమ్మగారిది బొబ్బిలి, తాతగారిది విజయనగరము. ఆ మాట వినిన నాటినుండి చప్పట్లు కొట్టుట నాకు సులభము కాలేదు.

రెండు చిత్రములును బొబ్బిలి పక్షముననే నిలిచినవి. అందు తప్పులేదు, ఓడినవారి పక్షమున నిలుచుట కథకు సహజము. కాని అసూయతో పరాయి ఫిరంగిని పొరుగువానిపైకి పిలుచుకొన్న ఆ ప్రభువు, చివరి రాత్రి గుడారమున ఏమి తలపోసెనో యెవరైన చూపుదురేమో యని నేనింకను ఎదురుచూచుచున్నాను.