థైరాయిడ్ మాత్రకు రంజాన్ సెలవు లేదు

రంజాన్ నెల వచ్చిందంటే మన ఇళ్లలో అన్నింటి వేళలూ మారిపోతాయి. వంట వేళ మారుతుంది, నిద్ర వేళ మారుతుంది, దుకాణం తెరిచే వేళ కూడా మారుతుంది. మందు వేళ కూడా మారాలన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. కొన్ని ఇళ్లలో వేళ మార్చడానికి బదులు మందే మానేస్తారు. మా ఇంట్లో జరిగింది అదే.

మా పెద్దాపాను రెండేళ్లపాటు అందరం బద్ధకస్తురాలే అనుకున్నాం. పొద్దున లేవలేకపోయేది. ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకునేది. తినేది గుప్పెడు అన్నమే అయినా ఒళ్లు పెరిగింది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలే. నెలసరి పది పన్నెండు రోజుల దాకా సాగేది, నమాజుకు నిలబడని రోజులే ఎక్కువైపోతున్నాయని కంటతడి పెట్టుకునేది. కోడలు ఒళ్లు వంచడం లేదని అత్తగారు అన్నారు. మేము కూడా లోలోపల అదే అనుకున్నామని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. దిష్టి తగిలిందని పొరుగావిడ అంటే తావీజు కూడా కట్టించాం. చివరికి గొంతు బొంగురుపోయి, ముఖం ఉబ్బిన తర్వాత ఒక లేడీ డాక్టరు రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ సుమారు 4 లోపు ఉండాల్సింది 60 దాటి ఉంది.

ఈ అంకె చూసి చాలామంది పొరబడుతుంటారు. టీఎస్‌హెచ్ పెరిగింది కాబట్టి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందనుకుంటారు. సంగతి తలకిందులు. గొంతు ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. గుండె కొట్టుకునే వేగం, ఒంటి వేడి, పేగుల కదలిక అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. తలలో ఉండే పిట్యూటరీ గ్రంథి దీనికి మేస్త్రీ వంటిది. పని సరిగా జరగకపోతే మేస్త్రీ కేకలు వేస్తాడు. ఆ కేకలే టీఎస్‌హెచ్. కేకలు ఎక్కువయ్యాయంటే పని తగ్గిందన్నమాట.

ఇది అరుదైన జబ్బు కాదు. హైదరాబాదుతో సహా 8 నగరాల్లో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి ఈ లోపం కనిపించింది. మగవారికంటే ఆడవారికే ఎక్కువ. శరీరం తన గ్రంథినే శత్రువుగా భావించి దెబ్బతీయడం దీనికి ఒక ముఖ్య కారణం. జపాన్ వైద్యుడు హకారు హాషిమోటో 1912లో దీన్ని వర్ణించారు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. అయోడిన్ ఉప్పు అందరికీ అవసరమే. కానీ ఈ రకం జబ్బు ఉప్పుతో నయం కాదు. కూరలో ఇంకో చెంచా వేస్తే రక్తపోటు పెరుగుతుంది, అంతే.

మందు కథ కూడా చెప్పుకోదగినదే. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జి ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఒక రోగికి సూదిమందుగా ఇచ్చారు. ఆమె వయసు 46. ఆ వైద్యంతోనే మరో 28 ఏళ్లు బతికి 74వ ఏట కన్నుమూసింది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశారు. 1927లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. పడమటి దేశాల్లో పంది గ్రంథితో చేసిన పొడి కూడా చాలాకాలం వాడుకలో ఉండేది. మా ఆపా మొదట అడిగిన ప్రశ్న కూడా అదే, "ఇందులో ఏ జంతువు ఉంది?" అని. నేడు మనకు ఇచ్చే లీవోథైరాక్సిన్ మాత్రల్లోని హార్మోను రసాయనికంగా తయారైనదే, జంతువు నుంచి తీసినది కాదు.

మోతాదు చాలా సూక్ష్మం. గ్రంథి దాదాపు పూర్తిగా పనిమానినవారికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావలసి వస్తుంది. అంటే 60 కిలోల మనిషికి 100 మైక్రోగ్రాముల దాకా, గ్రాములో పదివేలవ వంతు. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి చాలా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మోతాదు మార్చిన ప్రతిసారీ 6 నుంచి 8 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. పది రోజులకే పరీక్షకు పరుగెత్తితే డబ్బు దండగ. సన్నబడతామని ఎక్కువ మింగితే గుండెదడ పట్టుకుంటుంది, ఎముకలు గుల్లబారతాయి. పక్కింటివారి మాత్ర పంచుకోవడం మన వీధుల్లో ఉన్న దురలవాటే, ఈ మందుతో అది అసలు పనికిరాదు.

మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకొని అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, టీ కాఫీలు తాగకూడదు. మామూలు రోజుల్లో మనకు ఇదేమంత కష్టం కాదు. ఫజ్ర్‌కు లేచిన వెంటనే మాత్ర వేసుకుంటే వుజూ, నమాజు, కాసేపు ఖుర్ఆన్ పారాయణం ముగిసేసరికి టీ వేళ అవుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకు, కడుపుమంట మందులకు మాత్రం 4 గంటల ఎడం ఉండాలి. అవి ఈ మందును ఒంటికి పట్టనీయవు. సీసాను పొయ్యి పక్క అలమరలో పెట్టకూడదు, వేడి, తేమ దాన్ని పాడుచేస్తాయి.

అసలు చిక్కు రంజాన్‌లో వచ్చింది. పరగడుపున వేసుకోమన్నారు, పగలు మింగితే రోజా భంగమవుతుంది, కాబట్టి నెలపాటు మానేస్తే సరి అని ఆపా తనంతట తానే తీర్మానించుకుంది. అప్పటికి ఒళ్లు బాగానే ఉంది. మొదటి వారం తేడా కనిపించలేదు. కనిపించదు కూడా. ఈ హార్మోను రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. రెండు వారాలకు నాలుగో వంతు, నాలుగు వారాలకు పదహారో వంతు మిగులుతుంది. గ్రంథి తనంతట తాను ఇచ్చేది ఎలాగూ కొద్దే. ఈద్ రోజు పొద్దున షీర్ ఖుర్మా కలుపుతూ ఆపా వంటింట్లోనే కూలబడింది. మళ్లీ ఉబ్బిన ముఖం, మళ్లీ బొంగురు గొంతు. కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది.

డాక్టరును ముందే అడిగి ఉంటే దారులు రెండు ఉన్నాయని తెలిసేది. ఒకటి, రాత్రి చివరి భోజనమైన 3, 4 గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోవడం. తరావీహ్ నుంచి వచ్చి పదింటికి భోంచేసే ఇళ్లలో ఇది కుదరదు. రెండోది, సహరీకి అరగంట, వీలైతే గంట ముందు లేచి మాత్ర వేసుకొని, ఆ తర్వాత తినడం. వంట చేసే ఆడవారు ఎలాగూ అందరికంటే ముందే లేస్తారు కాబట్టి ఇది వారికి వీలుగా ఉంటుంది. వంట చేస్తూ చేస్తూ టీ తాగే అలవాటును మాత్రం మానుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలను ఇఫ్తార్ వైపు జరుపుకోవాలి. మాత్ర సరిగా వాడుతూ టీఎస్‌హెచ్ అదుపులో ఉన్నవారు సాధారణంగా రోజాలు ఉండవచ్చు. గర్భవతులు, గుండెజబ్బు కూడా ఉన్నవారు, జబ్బు ఇంకా అదుపులోకి రానివారు నెల మొదలుకాకముందే డాక్టరును కలవాలి. రోగులు తర్వాతి రోజుల్లో రోజాలు పూర్తిచేసుకునే వెసులుబాటును ఖుర్ఆనే ఇచ్చింది. ఆ వెసులుబాటును వాడుకోవడం చిన్నతనమనుకునే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు.

గర్భిణుల మాట మరికొంత చెప్పాలి. మొదటి మూడు నెలలు కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. అందుకే నెల తప్పిందని తెలియగానే డాక్టరుకు చెప్పాలి, సాధారణంగా మోతాదు 25 నుంచి 30 శాతం పెంచుతారు. బిడ్డకు హాని అని మాత్ర మానేస్తేనే హాని. పుట్టిన బిడ్డకు కూడా కొద్ది రోజుల్లోనే మడమ నుంచి చుక్క రక్తం తీసి ఈ పరీక్ష చేయించడం మంచిది. లోపం ఉంటే రెండు వారాల లోపు మందు మొదలుపెట్టినప్పుడు పిల్లల తెలివితేటలు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. ఆపా కూతురికీ పెళ్లికి ముందే బయటపడింది. ఇప్పుడు ఆ అమ్మాయికి ఐదో నెల. నెల తప్పిన వారంలోనే తల్లీకూతుళ్లు ఆసుపత్రికి వెళ్లి మోతాదు మార్పించుకున్నారు, నాలుగు వారాలకోసారి పరీక్ష చేయిస్తున్నారు. మొన్నటి కాగితంలో టీఎస్‌హెచ్ 2 దగ్గర ఉంది. ఆపా దాన్ని మాకు చూపించి, తన పాత రిపోర్టులు దాచుకున్న గుడ్డసంచిలోనే పెట్టుకుంది.