పాత బండి: న్యాయమైన ధర ఎంత?

గల్ఫ్‌లో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతో ముమ్మిడివరంలో పాత ఫార్చ్యూనర్ కొనాలనుకునే సోదరులకు మేము చెప్పేదొకటే: పై మెరుపు చూసి ధర కట్టకండి. 2009లో మన దేశంలోకి వచ్చిన ఈ బండి రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినా నడుస్తుంది. అయితే మీటరు వెనక్కి తిప్పేవారున్నారు, సర్వీసు కాగితాలతో సరిచూడాలి. 2022 జూలై గోదావరి వరదను మనం మరువలేదు. కార్పెట్ ఎత్తి ఒండ్రు, తుప్పు ఉన్నాయేమో చూడాలి. మంచి స్థితిలో ఉన్న అదే ఏడాది బండి ఎంత పలుకుతోందో నాలుగుచోట్ల విచారించాలి. టైర్లు, క్లచ్, టర్బోల మరమ్మతుకయ్యే ఖర్చును నమ్మకమైన మెకానిక్ చేత లెక్కగట్టించి అందులోంచి తీసివేస్తే మిగిలేదే న్యాయమైన ధర.

అమ్మేవారికీ ఒక మాట. తడిసిన ధాన్యాన్ని కుప్పలోపల దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించారు. బండి లోపం దాచడమూ అలాంటిదే కదా!