కాగితం మీద సూర్యబింబం: ముందే వేసుకోవాల్సిన లెక్క

2024 ఏప్రిల్ 8న డల్లాస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. పిల్లలంతా కలిసి చూస్తారని, చిన్న లెన్సు టెలిస్కోపు ఐపీస్ వెనక తెల్ల అట్ట పెట్టి, బింబం దాని మీద పడేలా చేశాను. తీరా చూస్తే బింబం అట్ట దాటిపోయింది, పైగా మసకగా ఉంది. ముందే లెక్క వేసుకోకపోవడం నా పొరపాటే.

లెక్క తేలికే. టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ను 108తో భాగించండి. సూర్యుడు తన వ్యాసానికి సుమారు 108 రెట్ల దూరంలో ఉన్నాడు మరి. అష్టోత్తరం గుర్తున్నవాళ్లు ఈ అంకె మరిచిపోరు! మా టెలిస్కోపు 700 మి.మీ., కాబట్టి లోపలి బింబం 6.5 మి.మీ. ఇక ఐపీస్ నుంచి అట్టకున్న దూరాన్ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, ఒకటి తీసేయండి. బింబం అన్ని రెట్లు పెరుగుతుంది.

మా అట్ట 30 సెం.మీ. దూరంలో ఉంది. 10 మి.మీ. ఐపీస్‌తో 29 రెట్లు, అంటే దాదాపు 19 సెం.మీ. అట్ట వెడల్పేమో 15! 20 మి.మీ. ఐపీస్ పెడితే 14 రెట్లు, 9 సెం.మీ. బింబం సరిపోయింది, వెలుగూ నాలుగింతలైంది.

ఒక్క జాగ్రత్త. ఐపీస్‌లోకి, ఫైండర్‌లోకి ఎవరూ తొంగిచూడకూడదు. క్షణంలో కన్ను పోతుంది. ఫైండర్‌కు మూత పెట్టండి. ప్లాస్టిక్ ఐపీస్ వాడకండి, వేడికి కరుగుతుంది. పెద్దవాళ్లొకరు టెలిస్కోపు పక్కనుంచి కదలకూడదు.