లాగ్ అంటే ఒక్కటే ప్రశ్న.. ‘ఎన్నిసార్లు?’

2 పవర్ 100ని పూర్తిగా రాస్తే ఎన్ని అంకెలొస్తాయి? ఆప్టిట్యూడ్ టెస్టుల ప్రాక్టీసులో ఈ తరహా ప్రశ్న చూసే ఉంటారు. చేతిలో కాలిక్యులేటర్ ఉండదు. గుణిస్తూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది. లాగరిథమ్ అర్థమైతే మాత్రం రెండు లైన్లలో పని పూర్తి!

లాగ్ అనగానే చాలామందికి ఫార్ములాల పట్టికే గుర్తొస్తుంది. తెలుగు మీడియంలో దీని పేరు సంవర్గమానం. పేరు పెద్దదే కానీ విషయం చిన్నది. 1000 రావాలంటే ఎన్ని పదులను గుణించాలి? మూడు. అంతే, ఆధారం 10కి లాగ్ 1000 విలువ 3. అలాగే 8 రావాలంటే మూడు 2లు కావాలి. అందుకే ఆధారం 2కి లాగ్ 8 కూడా 3.

ఇలా చూస్తే ఫార్ములాలను బట్టీ పట్టక్కర్లేదు. 100లో రెండు పదులు, 1000లో మూడు పదులు ఉన్నాయి. రెండింటినీ గుణిస్తే మొత్తం ఐదు పదులు, అంటే లక్ష. గుణకారం కాస్తా కూడిక అయిపోయింది! స్కాట్లాండ్‌కు చెందిన జాన్ నేపియర్ 1614లో లాగరిథమ్‌లను ప్రచురించింది ఈ సౌకర్యం కోసమే. తర్వాత హెన్రీ బ్రిగ్స్ వాటిని ఆధారం 10కి మార్చి పట్టికలు తయారుచేశారు. మరి లాగ్ 0 ఎంత? ఎన్ని పదులను గుణించినా సున్నా రాదు కదా, అందుకే దానికి విలువ లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. లాగ్ 2 విలువ సుమారు 0.3010. దాన్ని 100తో గుణిస్తే 30.10. అంటే 2 పవర్ 100 అనేది 10 పవర్ 30 కన్నా కాస్త పెద్దది. 1 పక్కన 30 సున్నాలు పెడితే 31 అంకెలు. జవాబు 31.

కోడింగ్ ఇంటర్వ్యూలోనూ లాగ్ ఎదురవుతుంది. బైనరీ సెర్చ్ టైమ్ కాంప్లెక్సిటీ అడిగితే ‘లాగ్ ఎన్’ అని చాలామంది ఠక్కున చెప్పేస్తారు. ‘ఎందుకు?’ అని అడిగితేనే తడబాటు. వరుసలో ఉన్న 10 లక్షల రోల్ నంబర్లలో ఒకటి వెతకాలనుకోండి. మధ్య నంబరు చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తాం. మిగిలినదాంట్లోనూ అంతే. ఇలా ఎన్నిసార్లు సగం చేయాలి? 2 పవర్ 20 అంటే 10,48,576. కాబట్టి 20సార్లు చూస్తే చాలు. ఒక్కొక్కటిగా వెతికితే 10 లక్షలసార్లు చూడాల్సి రావచ్చు. లిస్టు 20 లక్షలకు పెరిగినా అదనంగా పడేది ఒక్క స్టెప్పే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వినాలనుకునేది ఈ వివరణే.

ఈరోజే ఓ పని చేయండి. 2, 4, 8 నుంచి 1024 వరకు పేపర్ మీద రాసి, ఒక్కోదాని కింద అందులో ఎన్ని 2లున్నాయో వేయండి. మీ మొదటి లాగ్ టేబుల్ రెడీ అయినట్టే. ఇకపై ఏ ప్రశ్నలో లాగ్ కనిపించినా ముందు ‘ఎన్నిసార్లు?’ అని అడగండి. ఫార్ములా సంగతి తర్వాత చూడొచ్చు.