మూసీ మురుగునీరు – మన సేద్యము – శాస్త్రజ్ఞుల పరిశోధనలు

మూసీనది దిగువను సేద్యము చేయు రైతులకు నీటికరవు లేదు. వేసవిలో ఇతర గ్రామముల చెరువులు ఎండి బీటలు వారినను, హైదరాబాదు నగరము దాటిన పిదప మూసీ పన్నెండు నెలలును పారుచునే యుండును. ఆ నీరు నగరములోని ఇండ్లనుండియు, అంగళ్లనుండియు, కార్ఖానాలనుండియు విడువబడినది. దీనితో పండించిన పంట తినవచ్చునా? దీనిలో దిగి పనిచేయువారికి హాని కలుగునా? దీనిని విడిచిపెట్టినచో బ్రదుకుతెరువేమి? అని రైతులు తమలో తాము తర్కించుకొనుచుందురు.

ఈ ప్రశ్నలలో ఒకటి ప్రకృతిశాస్త్రమునకును, ఒకటి ఆరోగ్యశాస్త్రమునకును, ఒకటి సాంఘికశాస్త్రమునకును చెందినది. ఈ శతాబ్దారంభము నుండి స్వదేశ విదేశములలోని విశ్వవిద్యాలయములవారును, పరిశోధనాలయములవారును ఈ నీటినే వేర్వేరు విధముల పరీక్షించి పెక్కు సంగతులు వెల్లడించిరి. అవి ఆంగ్లభాషలోని శాస్త్రపత్రికలయందు ప్రకటింపబడుటచే, ఎవరి పొలములను గూర్చి వ్రాయబడినవో వారికి అందకపోయినవి. వానిలో ముఖ్యమైనవానిని మన సభ్యులకొరకు ఇచట వివరించుచున్నాము.

ఈ నీరు ఎచ్చటిది?

మూసీ వికారాబాదు సమీపమునందలి అనంతగిరి కొండలలో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, వాడపల్లి కడ కృష్ణలో కలియుచున్నది. 1908వ సంవత్సరపు వరదలో నగరము మునిగి వేలకొలది జనులు మరణించిన పిమ్మట, అట్టి ఉపద్రవము మరల రాకుండుటకై 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నిర్మింపబడెను. నాటినుండి ఎగువ నీరు ఆ జలాశయములలో నిలిచిపోవుచున్నది. కావున వానకాలము తప్ప తక్కిన దినములలో నగరము దిగువకు వచ్చునది చాలవరకు నగరపు మురుగే.

నగరమునకు తూర్పుననున్న ఉప్పల్ ఈ నది ప్రక్కనే యున్నది. ఉప్పల్ భగాయతు అను పేరులోనే తోటభూమి అను అర్థము కలదు. నేడచట ఇండ్లస్థలములు వెలసినవి. దాపుననున్న నాచారములో పారిశ్రామికవాడ ఏర్పడినది. మురుగును శుద్ధిచేయుటకై అంబర్‌పేటలో దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు, నాగోలులో 17 కోట్ల 20 లక్షల లీటర్లు, ఉప్పల్ నల్లచెరువు కడ 3 కోట్ల లీటర్లు శుద్ధిచేయగల కేంద్రములు కట్టబడినవి. తరువాత మరికొన్నియు నెలకొల్పబడినవి. అయినను నగరము పెరిగిన వేగమును శుద్ధికేంద్రములు చాలకాలము అందుకొనలేకపోయెను. శుద్ధియైన నీరును, శుద్ధికాని నీరును కలిసి పీర్జాదిగూడ, ప్రతాపసింగారము, ఏదులాబాదు మొదలగు గ్రామముల మీదుగా పోవుచుండెను.

బ్రదుకుతెరువును గూర్చిన పరిశోధన

అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థకు చెందిన స్టెఫనీ బ్యూక్లర్, గాయత్రీదేవి అను పరిశోధకురాండ్రు 2000 తరువాతి సంవత్సరములలో మూసీ గ్రామములయందు తిరిగి, ఈ నీటిపై ఎవరెవరు ఆధారపడియున్నారో విచారించిరి. నగరమునకు చేరువనున్న పొలములలో వరికి బదులు పారాగడ్డి విస్తరించినదని వారు గమనించిరి. ఈ గడ్డి మురుగునీటిని తట్టుకొనును. ఒకమారు నాటినచో కోసినకొలది పెరుగుచు, ఏడాది పొడుగునను నగరమందలి గేదెలకు మేతగా అమ్ముడుపోవును. భూమిగల రైతుకు రొక్కము, కోతకూలికి నిత్యము పని, పాడివానికి పచ్చిమేత లభించును. స్త్రీలు ఆకుకూరలు పండించి, తమ యింటికి కొంత యుంచుకొని, మిగిలినది విక్రయింతురు.

దీనివలన తెలియునదేమి? ఈ నీటిని ఒక్క ఉత్తరువుతో నిషేధించినచో కష్టపడువారు రైతులు మాత్రమే కారు. కూలీలు, పాడివారు, కూరలమ్ము స్త్రీలు అందరును జీవనము కోల్పోవుదురు. కావున "ఈ నీరు చెడ్డది, మానివేయుడు" అనుట సులభమే గాని, దానితో పని తీరదు. అపాయమును తగ్గించు ఉపాయమును వెదుకవలెను. దానికి తరువాతి రెండు పరిశోధనలు దారి చూపుచున్నవి.

ఆరోగ్యమును గూర్చిన పరిశోధన

లండన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆరోగ్య, ఉష్ణమండల వైద్య విద్యాలయమువారు మూసీ తీరమున సేద్యము చేయు కుటుంబములను పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. శుద్ధికాని మురుగునీటితో పనిచేయువారు, కొంత శుద్ధియైన నీటితో పనిచేయువారు, నదీజలముతో పనిచేయువారు అని మూడు తరగతులుగా విభజించి, వారి కడుపులలో పురుగులున్నవో లేవో చూచిరి. శుద్ధికాని నీటిలో పనిచేయువారికి కొంకిపురుగు సోకు అవకాశము నదీజలము వాడువారికంటె మూడు రెట్లకు మించియున్నట్లును, ఏలికపాములు, కొరడాపురుగులు సోకు అవకాశము ఐదు రెట్లకు మించియున్నట్లును తేలినది. కొంత శుద్ధియైన నీటిలో పనిచేయువారికి కొంకిపురుగు ప్రమాదము హెచ్చుగా కానరాలేదు గాని, ఏలికపాములు, కొరడాపురుగులు సోకు ప్రమాదము వారికిని హెచ్చుగానే యుండెను.

కొంకిపురుగు ఎట్లు సోకునో రైతు తప్పక తెలిసికొనవలెను. రోగి మలముతో బయటికి వచ్చిన గ్రుడ్లు తడినేలలో పొదిగి, కంటికి కానరాని పిల్లపురుగులగును. చెప్పులు లేక ఆ మట్టిలో నడచువాని అరికాలి చర్మమును అవి తొలుచుకొని లోపల ప్రవేశించును. రక్తముతో ఊపిరితిత్తులకు పోయి, అచటినుండి గొంతునకు ఎక్కి, మ్రింగబడి, ప్రేగులలో చేరి రక్తము పీల్చుచుండును. క్రమముగా మనిషి పాలిపోయి, నాలుగడుగులు వేయగనే ఆయాసపడును. ఇంటివారు బద్ధకమని నిందించుటయు కలదు. గర్భిణులకును పిల్లలకును ఈ రక్తహీనత మిక్కిలి హానికరము. ఏలికపాము గ్రుడ్లు ఇట్లుగాక నోటిద్వారా, అనగా కడుగని చేతులవలనను, కడుగని కూరలవలనను లోపలికి పోవును. త్రోవలు వేరగుటచే జాగ్రత్తలును వేరు.

నీటిని గూర్చిన పరిశోధన

ఆ విద్యాలయమువారే 2010లో మరియొక సంగతి ప్రకటించిరి. వారు నగరమునుండి దిగువకు సుమారు 40 కిలోమీటర్ల పొడవున, స్థలస్థలమున నది నీటిని ఒక యేడాదిపాటు పరీక్షించిరి. నగరము చెంత లీటరు నీటిలో నూటికి మించియున్న పురుగుల గ్రుడ్లు 40 కిలోమీటర్లు పోవునప్పటికి దాదాపు కానరాకపోయెను. మలమునుండి వచ్చు సూక్ష్మజీవులును వేల రెట్లు తగ్గెను. ఏ యంత్రమును లేకయే ఇది ఎట్లు జరిగినది?

మూసీకి అడ్డముగా పూర్వులు కాలువల కొరకు కట్టిన కత్వలే ఇందులకు ముఖ్యకారణమని వారు తేల్చిరి. కత్వ వెనుక నీరు నిలిచినప్పుడు బరువైన గ్రుడ్లు అడుగున పేరుకొనును. ఎండ తగిలి సూక్ష్మజీవులు చచ్చును. కత్వ మీదినుండి దుమికినప్పుడు నీటికి గాలి తగిలి కుళ్లు తగ్గును. నీరు పారించుటకై కట్టిన కట్టడము నీటిని శుభ్రపరచు పనియు చేయుచుండెనన్నమాట. కావున శిథిలమైన కత్వను బాగుచేయుట కాలువనీటికే గాక ఆరోగ్యమునకును మేలు. అయితే అడుగున పేరుకొనిన బురదలో గ్రుడ్లు చాలకాలము బ్రదికియుండును గనుక, పూడిక తీయువారు వట్టికాళ్లతో దిగరాదు. 40 కిలోమీటర్ల దిగువను సైతము సూక్ష్మజీవులు పూర్తిగా పోలేదు. ఆ నీటిని త్రాగుటకుగాని, పచ్చిగా తిను కూరలను కడుగుటకుగాని వాడరాదు.

ఎండకు చావనివి

మలమునుండి వచ్చు దోషము కాలముతో తగ్గును. కార్ఖానాలనుండి వచ్చు దోషము అట్టిది కాదు. ఉప్పల్ మార్గముననే యున్న జాతీయ భూభౌతిక పరిశోధనాలయము (1961లో స్థాపితము) వారు నగరములోని కాటేదాను పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి, సీసము, క్రోమియము, జింకు మొదలగు లోహములు మితిమీరి యున్నట్లు 2008లో ప్రకటించిరి. లోహము ఎండకు చావదు, కుళ్లిపోదు, మట్టిలోనే నిలిచియుండును. చెరువు పూడికమట్టిని పొలమునకు తోలుట మన పెద్దల మంచి వాడుక. కాని కార్ఖానాల నీరు చేరు చెరువుల పూడికను, నాచారము వంటి పారిశ్రామికవాడల దగ్గరిదైనను మరెచ్చటిదైనను, పరీక్షింపక పొలమున చల్లరాదు.

మందుల కార్ఖానాల సంగతి మరియొకటి. స్వీడను దేశమందలి గోథెన్‌బర్గు విశ్వవిద్యాలయపు పరిశోధకులు పటాన్‌చెరువు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కలదని 2007లో ప్రకటించిరి. ఒక దినమున అట్లు పోవు మందు, స్వీడను దేశమంతయు ఐదు దినములలో వాడుదానికి సమానమని వారు లెక్కించిరి. ఆ నీరు అంతకుపూర్వము మంజీర వైపు పోవుచుండెను. తరువాత 18 కిలోమీటర్ల గొట్టముద్వారా దానిని అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు, అనగా మూసీ వైపునకు మరల్చిరి. మందు కలసిన నీటిలో పెరిగిన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగకుండుట నేర్చును. అట్టి సూక్ష్మజీవి సోకిననాడు వైద్యుడిచ్చు మందు పనిచేయదు. మనుష్యునకైనను పశువునకైనను వైద్యుని సలహాలేక ఇట్టి మందులు వాడరాదనుటకు ఇది ముఖ్యకారణము.

మురుగునీటిలో వార్త

మురుగు హానినే గాక మేలును చేయగలదని 2020లో తెలిసినది. కోవిడు ప్రబలియున్న ఆ సంవత్సరమున, ఉప్పల్ మార్గమందలి కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాలయమువారును, తార్నాకలోని రసాయన పరిశోధనాలయమువారును కలిసి నగరపు శుద్ధికేంద్రములకు వచ్చు మురుగును పరీక్షించిరి. రోగము సోకినవాని మలములో ఆ వైరసు యొక్క అవశేషములు సుమారు 35 దినములవరకు వెలువడునను ఆధారముతో లెక్కించి, నగరమున సుమారు 6 లక్షల 60 వేలమందికి రోగము సోకియుండునని ఆగస్టు మాసమున తెలిపిరి. ఇంటింటికి పోయి పరీక్షింపకయే ఊరంతటి ఆరోగ్యము నెరుగు మార్గమిది. శుద్ధియై బయటికి వచ్చిన నీటిలో ఆ అవశేషములు కానరాలేదు. శుద్ధికేంద్రము సరిగా నడచుట దిగువ రైతునకు ఎంత ముఖ్యమో దీనివలన గ్రహింపవచ్చును.

సభ్యులు చేయవలసినవి

పై పరిశోధనలను ఒకచో చేర్చి చూచినచో కొన్ని పనులు మన చేతిలోనే యున్నట్లు తోచును.

మొదటిది: మురుగునీటి మళ్లలో దిగునప్పుడు రబ్బరు బూట్లు ధరింపవలెను. ఒక్కొక్కరు కొనుటకంటె సంఘము మొత్తముగా తెప్పించినచో చౌక. కూలీలకును ఇవ్వవలెను; పురుగు భూస్వామిని, కూలివానిని వేరుచేసి చూడదు.

రెండవది: పురుగుల మందును ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అడిగి తీసికొనవలెను. 2015 నుండి నులిపురుగుల నివారణ దినమున పిల్లలకు అల్బెండజోల్ ఉచితముగా నిచ్చుచున్నారు. ఆ దినమున ఏ పిల్లయు తప్పిపోకుండ చూడవలెను. పెద్దలును, ముఖ్యముగా గర్భిణులును, వైద్యుని అడిగియే వాడవలెను.

మూడవది: పచ్చిగా తిను కూరలకు ఈ నీరు పెట్టరాదు. వండుకొను ఆకుకూరలకును కోతకు కొన్నిదినములు ముందుగా ఈ నీటిని ఆపి, వీలైనచో బావినీరు పెట్టవలెను. ఎండలో దినము గడచినకొలది ఆకుపైని సూక్ష్మజీవులు తగ్గును. కోసిన కూరను కాలువలో కడుగరాదు, మంచినీటిలోనే కడుగవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇట్టి జాగ్రత్తలనే చెప్పుచు, సాగునీటిలో లీటరునకు ఒక్క పురుగు గ్రుడ్డుకు మించరాదని నిర్ణయించినది.

నాలుగవది: ఈ నీటిలో నత్రజని సమృద్ధిగా కలదు. దానిపై యూరియా కూడ వేసినచో వరి ఏపుగా పెరిగి పడిపోవును, తాలు ఎక్కువగును. భూసారపరీక్ష చేయించి ఎరువు తగ్గించినచో పంటయు, రొక్కమును మిగులును.

ఐదవది: ఒక్క రైతు నీటిపరీక్షకు ఖర్చు పెట్టుకొనలేడు, సంఘము పెట్టగలదు. ఏటికి రెండుమారులైనను, వానలకు ముందొకటి, తరువాత నొకటి, కాలువనీటిని, పొలపు మట్టిని పరీక్ష చేయించి, ఫలితములను సంఘ కార్యాలయమున అందరికి కనబడునట్లు వ్రాసి పెట్టవలెను. శుద్ధికేంద్రము సరిగా నడుపుడని అధికారులను అడుగునప్పుడు ఆ కాగితమే మనకు బలము. నీరు నల్లగానున్నదని నోటితో చెప్పిన ఫిర్యాదు మరచిపోబడును. అంకెలతో వ్రాసియిచ్చిన అర్జీకి జవాబు చెప్పవలసి వచ్చును.

నగరము వాడి విడిచిన నీటితోనే ఆ నగరమునకు పాలును, కూరలును మన రైతులు సమకూర్చుచున్నారు. ఆ పనిలో తమ ఆరోగ్యమును బలియీయవలసిన అగత్యము వారికి లేదు. రాబోవు సర్వసభ్య సమావేశమునాటికి బూట్లకును, నీటిపరీక్షకును కాగల వ్యయమును లెక్కవేసి సభ్యులు సిద్ధముగా రావలెనని కోరుచున్నాము.